డ్రోన్ లేపే ముందు: హైదరాబాద్‌లో ఎక్కడ ఎగరేయొచ్చు, ఎవర్ని అడగాలి

అందరికీ నమస్కారం అండి. పెళ్ళి వీడియోలు తీసే అన్నలున్నారు, రీల్స్ చేసే తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఉన్నారు, సరదాకి కొనుక్కుని డాబా మీద ఎగరేసుకునేవాళ్ళున్నారు, పొలాలకి మందు కొట్టే డ్రోన్ నేర్చుకుందామని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూడా వెనక వరసలో కనిపిస్తున్నారు, సంతోషం. నేను డ్రోన్ పైలట్లకి ట్రైనింగ్ ఇస్తుంటాను, క్లాసుకి వచ్చే ప్రతి ఒక్కళ్ళూ మొదట అడిగేది ఎంత ఎత్తు పోతది, ఎంత దూరం పోతది, బ్యాటరీ ఎంతసేపు వస్తది అని. అవన్నీ డబ్బా మీద రాసే ఉంటాయి. డబ్బా మీద రాయనిది ఒకటుంది, ఇవాళ నేను నిలబడ్డ ఈ చోట, ఈ రోజు, ఈ గంటలో దీన్ని లేపడానికి నాకు హక్కు ఉందా లేదా అన్నది. హైదరాబాద్‌లో ఆ ప్రశ్నకి జవాబు వీధి వీధికీ మారిపోతుంది, రోజు రోజుకీ కూడా మారుతుంది, అందుకే ఇవాళ ఎక్కువ సేపు దాని గురించే మాట్లాడతా.

ముందు కొంచెం వెనక్కి పోదాం, తొందరగా చెప్పేస్తా. 2014 అక్టోబర్‌లో డీజీసీఏ, అంటే దేశంలో పౌర విమానాల సంగతి చూసే కేంద్ర సంస్థ, సివిల్ డ్రోన్లు మొత్తం వద్దనేసింది. 2018 డిసెంబర్ 1 నుంచి కొన్ని షరతులతో ఒప్పుకుంది. 2021 మార్చిలో ఒక రూల్స్ పుస్తకం వచ్చింది, అందులో 25 ఫారాలు, 72 రకాల ఫీజులు, చదివినవాళ్ళకే తల తిరిగింది. ఆ తర్వాత 2021 జూన్ 27న జమ్మూ ఎయిర్ ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లతో దాడి జరిగింది. అందరం ఏమనుకున్నాం, అయిపోయింది, ఇంక డ్రోన్లు మూసేస్తారు అనుకున్నాం. కానీ రెండు నెలలకి, ఆగస్టు 25న కొత్త డ్రోన్ రూల్స్ వచ్చాయి, ఫారాలు 25 నుంచి 5కి, ఫీజులు 72 నుంచి 4కి తగ్గాయి. అంత పెద్ద భయం కళ్ళముందే ఉండగా ప్రభుత్వం మనల్ని నమ్మి తలుపు తీసింది. నాకు ఆ నమ్మకం చాలా విలువైనది అనిపిస్తుంది, దాన్ని మనం చెడగొట్టుకోకూడదనే ఇట్లాంటి మీటింగులకి పిలిచిన ప్రతిసారీ వస్తాను.

ఇప్పుడు బరువు సంగతి. 250 గ్రాముల దాకా నానో, అది దాటితే 2 కిలోల దాకా మైక్రో, 2 నుంచి 25 కిలోల దాకా స్మాల్, 150 దాకా మీడియం, ఆ పైన లార్జ్. మందు కొట్టే డ్రోన్లు ట్యాంకు నింపాక మామూలుగా స్మాల్‌లోకి వస్తాయి. ఇక్కడ బరువంటే లేచేటప్పుడు దాని మీద ఉన్న మొత్తం బరువు. 249 గ్రాముల డ్రోన్ కొన్నాం, మనది నానో, మనకేం భయం అనుకుని దానికి పెద్ద బ్యాటరీ వేసి, ప్రొపెల్లర్ గార్డులు తగిలించి, పైన ఒక లైటు కూడా పెడితే అది మైక్రో అయిపోతుంది, మీకు తెలియకుండానే రూల్ మారిపోతుంది. వంటింటి తూకం మీద పెట్టి చూడండి, ఒక్క నిమిషం పని.

నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోకి కూడా సొంత సరదాకి అయితే అక్కర్లేదు. కానీ పెళ్ళికి డబ్బులు తీసుకుని మైక్రో ఎగరేస్తే అది కమర్షియల్, అక్కడ సర్టిఫికెట్ కావాలి, మా ఫ్రెండ్ పెళ్ళే కదా పెట్రోల్ డబ్బులే తీసుకున్నా అంటే ఆ వాదన నిలబడదు. ఇక్కడ కూర్చున్న పెళ్ళి టీములు వాడేవి ఎక్కువ 600, 900 గ్రాముల మధ్య ఉండేవే, అంటే మీరందరూ ఈ లెక్కలోకి వస్తారు. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, పదో తరగతి పాసవ్వాలి, డీజీసీఏ ఒప్పుకున్న ట్రైనింగ్ సంస్థలో నేర్చుకోవాలి, మన బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది, ఇంకా ప్రైవేటువి ఉన్నాయి. సర్టిఫికెట్ పదేళ్ళు పనిచేస్తుంది. ఇంతకుముందు పాస్‌పోర్ట్ అడిగేవాళ్ళు, దానితో ఊళ్ళ పిల్లలు చాలామంది ఆగిపోయారు, 2023 సెప్టెంబర్‌లో ఆ షరతు తీసేశారు, ఓటర్ కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి సరిపోతాయి. వెనక వరస తమ్ముళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, మిమ్మల్ని ఎవరైనా పాస్‌పోర్ట్ పేరు చెప్పి అదనంగా డబ్బులడిగితే ఇవ్వకండి.

బండికి ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్ ఎట్లాగో దీనికీ అట్లాగే అనుకోండి. ఆర్సీ స్థానంలో యూఐఎన్ అనే నంబర్ ఉంటుంది, ఫీజు 100 రూపాయలు. ఇన్సూరెన్స్ అయితే నిజంగానే మోటారు వాహనాల చట్టంలో థర్డ్ పార్టీకి ఉన్న పద్ధతినే డ్రోన్‌కి కూడా వర్తింపజేశారు, నానో తప్ప మిగతా అన్నిటికీ తప్పనిసరి. బరాత్‌లో డ్రోన్ ఎవరి తల మీదైనా పడితే ఆస్పత్రి ఖర్చు ఎవరు కట్టాలి అన్న ప్రశ్న ఆ రాత్రి గొడవలో తేలదు, ముందే కాగితం మీద తేలి ఉండాలి.

నంబర్ దగ్గర ఒక కష్టం ఉంది, దాచకుండా చెప్తా. మైక్రో నుంచి పైకి, టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్‌ని పరీక్షించి సరే అన్న కాగితం, ఉన్న మోడల్‌కే కొత్తగా నంబర్ వస్తుంది. విదేశీ డ్రోన్లని తయారైన రూపంలో దిగుమతి చేసుకోవడం 2022 ఫిబ్రవరి 9 నుంచి బంద్, పరిశోధన, డిఫెన్స్, సెక్యూరిటీ అవసరాలకి తప్ప. విడిభాగాలకి అడ్డు లేదు. అయినా బజార్లో దొరుకుతున్నాయి, బిల్లు ఉండదు, వారంటీ ఉండదు, నంబర్ రాదు. లక్షన్నర పెట్టి అట్లాంటిది కొని మొదటి పెళ్ళిలోనే పోలీసులు ఆపితే చూపించడానికి మన దగ్గర ఏముంటది చెప్పండి? సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు కూడా, అమ్మేవాళ్ళ పేరు మీద నంబర్ ఉందా, దాన్ని ప్రభుత్వ డ్రోన్ పోర్టల్‌లో మన పేరు మీదకి మారుస్తారా అని అడిగాకే డబ్బులివ్వండి. నాకు తెలుసు, మన దేశంలో తయారైన కెమెరా డ్రోన్ల ధరలు, ఆ పిక్చర్ క్వాలిటీ ఇంకా పెళ్ళి వీడియోకి సరిపోవట్లేదని మీ బాధ, అది న్యాయమైన బాధే, దిగుమతి ఆపినప్పుడు చిన్న వీడియోగ్రాఫర్‌కి ఒక దారి చూపించి ఉండాల్సింది. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ అన్ని డ్రోన్లకీ 5 శాతానికి తెచ్చారు, అంతకుముందు రకాన్ని బట్టి 18, 28 కూడా ఉండేది, కొంచెమైనా ఊరట.

సరే, అసలు సంగతికి వద్దాం. ఎగరేసే ముందు చూసుకోవాల్సినవి మూడు పొరలు, మొదటిది మ్యాప్. 2021 సెప్టెంబర్‌లో దేశం మొత్తానికి డ్రోన్ మ్యాప్ పెట్టారు, డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫ్రీగా చూడొచ్చు, మూడు రంగులు. ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 12 కిలోమీటర్లు దాటిపోయి, అక్కడ వేరే ఏ అడ్డూ లేకపోతే గ్రీన్, 400 అడుగుల దాకా ఎవర్నీ అడగక్కర్లేదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే గ్రీనే కానీ 200 అడుగుల దాకే. ఆ ఎత్తులు దాటితే ఎల్లో. 5 నుంచి 8 మధ్య అయితే నేల మీద నుంచే ఎల్లో, అంటే ఒక్క అడుగు లేపాలన్నా ఆ ఎయిర్‌పోర్ట్ ఏటీసీ, అంటే విమానాల రాకపోకలు నడిపే కంట్రోల్ వాళ్ళ పర్మిషన్ కావాలి. ఇంకా దగ్గరికి పోతే రెడ్, అక్కడ కేంద్ర ప్రభుత్వం అనుమతి లేకుండా కుదరదు.

ఇప్పుడు ఈ కిలోమీటర్లని మన ఊరి మీద పరిచి చూడండి. చాలామంది ఎయిర్‌పోర్ట్ అంటే శంషాబాద్ ఒక్కటే అనుకుంటారు, 2008లో అక్కడికి మారిపోయింది కదా, మనం సిటీలో ఉన్నాం కదా, దూరమే కదా అని. బేగంపేట మూతపడలేదు అన్నా, అక్కడ ఎయిర్ ఫోర్స్ ఉంది, వీఐపీల విమానాలు, హెలికాప్టర్లు దిగుతాయి, ట్రైనింగ్ విమానాలు ఉంటాయి. హకీంపేట ఉంది, దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది, అటు నాదర్‌గుల్‌లో ఫ్లయింగ్ ట్రైనింగ్ జరిగే ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఇన్ని చోట్ల నుంచి వలయాలు గీస్తే పాత సిటీ, కొత్త సిటీ, కంటోన్మెంట్ ఎంత మిగులుతుందో మీరే చూడండి. హుస్సేన్ సాగర్, ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్డు అన్నీ బేగంపేటకి 5 కిలోమీటర్ల లోపలే. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్, ఉజ్జయిని మహంకాళి గుడి కూడా అంతే. నెక్లెస్ రోడ్డు మీద పొద్దున్నే ప్రీ వెడ్డింగ్ షూట్ పెట్టుకుని, జనం లేరు కదా ఐదు నిమిషాల్లో లేపి దించేద్దాం అనుకునే టీములకి ఇది చెప్తున్నా. జనం లేకపోవడం వేరు, ఆ గాలి ఖాళీగా ఉండడం వేరు. అదే పొద్దున బేగంపేటలో హెలికాప్టర్ దిగొచ్చు, హెలికాప్టర్ రన్‌వే దాకా ఎత్తులో వచ్చి చివర్లో దిగేది కాదు, చాలా ముందు నుంచే కిందుగా వస్తుంది. పైలట్‌కి మన డ్రోన్ కనపడదు, కనపడేసరికి టైముండదు.

చార్మినార్ బేగంపేట నుంచి లెక్క కడితే 8, 12 మధ్యలో పడుతుంది, గోల్కొండ కూడా, మ్యాప్‌లో ఎయిర్‌పోర్ట్ లెక్క ఒక్కటే చూసి హమ్మయ్య అనుకోకండి, దాని సంగతి ఇంకాసేపట్లో చెప్తా. శంకర్‌పల్లి, చేవెళ్ళ, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌ల్లో చాలా చోట్ల గాలి తేలిగ్గా ఉంటుంది, డెస్టినేషన్ వెడ్డింగ్ అడిగిన క్లయింట్‌కి డ్రోన్ షాట్లు కావాలంటే అటు తీసుకెళ్ళండి అని నేను చెప్తుంటా. అయినా అక్కడికి పోయాక మళ్ళీ మ్యాప్ తెరవాలి, ఎందుకంటే మ్యాప్ రాతి మీద చెక్కింది కాదు. వికారాబాద్ దామగుండంలో 2024 అక్టోబర్‌లో నేవీ కమ్యూనికేషన్ స్టేషన్‌కి శంకుస్థాపన అయ్యింది, ఇట్లాంటివి వచ్చే కొద్దీ రంగులు మారతాయి, పోయినేడు ఎగరేశాం కదా అన్నది ఈ ఏడాదికి పనికిరాదు.

రెండో పొర పోలీసులది. ఇక్కడే మన ఊళ్ళో ఎక్కువమంది దొరికిపోయేది. రూల్స్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసు శాఖ గానీ, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి, ఒక చోటుని 96 గంటల దాకా తాత్కాలికంగా రెడ్ జోన్ చేయొచ్చు. అది కాకుండా ఇంకోటుంది, ఇంతకుముందు 144 సెక్షన్ అనేవాళ్ళం కదా, 2024 జూలై నుంచి అది కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163 సెక్షన్ అయ్యింది. కమిషనర్ ఆర్డర్ ఇస్తారు, పారా గ్లైడర్లు, రిమోట్‌తో నడిచే మైక్రోలైట్ విమానాలు, డ్రోన్లు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా చోట నిషేధం అని. రిపబ్లిక్ డేకి, ఆగస్టు 15కి, ప్రధానమంత్రి వచ్చినప్పుడు, రాష్ట్రపతి బొల్లారం వచ్చినప్పుడు, పెద్ద మీటింగులప్పుడు ఇట్లాంటివి వస్తుంటాయి. ఈ ఆర్డర్ రెండు నెలల దాకా కూడా ఉండొచ్చు. మ్యాప్‌లో గ్రీన్ ఉంది సార్ అని ఫోన్ చూపిస్తే ఇక్కడ చెల్లదు. ఆర్డర్ మీరితే ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 223 సెక్షన్ కింద కేసు, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది, మనుషుల ప్రాణాలకి ముప్పు వచ్చేలా ఉంటే ఏడాది. డ్రోన్ రూల్స్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా అది వేరే.

ఇంకోటి, సిటీ కమిషనరేట్ వేరు, సైబరాబాద్ వేరు. మండపం జూబ్లీహిల్స్‌లో, రిసెప్షన్ గచ్చిబౌలిలో అయితే ఇద్దరి ఆర్డర్లూ చూసుకోవాలి. రెండు రోజుల ముందు ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌కి పోయి ఒక కాగితం ఇవ్వండి, ఫంక్షన్ ఫలానా, టైము ఫలానా, డ్రోన్ నంబర్ ఇది, పైలట్ సర్టిఫికెట్ ఇది, ఇన్సూరెన్స్ ఇది అని, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అది పర్మిషన్ కాదు, రెడ్ జోన్‌ని గ్రీన్ చేయదు, కానీ ఏదైనా ఆర్డర్ ఉంటే అక్కడే చెప్పేస్తారు, రాత్రి 9 గంటలకి పెట్రోలింగ్ వాళ్ళు వచ్చినప్పుడు మీరెవరో వాళ్ళకి ముందే తెలిసి ఉంటుంది.

ఇక్కడ ప్రభుత్వానికి, పోలీసు శాఖకి ఒక మాట గట్టిగానే అడగాలి మనం. ఈ నిషేధం ఆర్డర్లు ఒక పీడీఎఫ్‌గా, ఒక ప్రెస్ నోట్‌గా వస్తాయి, పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్తగా పడతాయి. పెళ్ళి సీజన్‌లో నెలకి ఇరవై ఫంక్షన్లు చేసే పిల్లాడు రోజూ అది వెతుక్కుంటూ కూర్చోలేడు. తాత్కాలిక రెడ్ జోన్ పెట్టే దారి డ్రోన్ రూల్స్‌లోనే ఉంది కదా, ప్రతి ఆర్డర్‌నీ అదే గంటలో అదే మ్యాప్ మీద పెట్టండి, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో గీత గీసి చూపించండి, ఎప్పుడు ముగుస్తుందో గంటతో సహా పెట్టండి. తెలిసి తప్పు చేసినవాణ్ణి పట్టుకోండి, తెలియడానికి దారే లేనివాణ్ణి పట్టుకుంటే న్యాయం కాదు. ఈ మాట నేను మీ ముందే కాదు, అధికారులు కూర్చున్న మీటింగుల్లో కూడా చెప్తూనే ఉంటా.

మూడో పొర, కింద ఉన్న నేల ఎవరిది. చార్మినార్, గోల్కొండ రెండూ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నవి, డ్రోన్‌తో తీయాలంటే వాళ్ళ పర్మిషన్ కావాలి. గోల్కొండ పక్కన ఆర్టిలరీ సెంటర్ కూడా ఉంది, అందుకే ఇందాక ఆగమన్నా. ఆషాఢంలో మొదటి బోనం గోల్కొండలోనే కదా, అందరికీ ఆ షాట్ కావాలని ఉంటుంది, నాకూ ఇష్టమే, పైనుంచి ఆ పసుపు కుంకుమల రంగు చూస్తే కళ్ళు నిండిపోతాయి. కానీ కింద వేలమంది ఆడవాళ్ళు బోనాలెత్తుకుని, పిల్లల్ని చంకనేసుకుని మెట్లెక్కుతుంటారు. ఆ గుంపు మధ్యలో డ్రోన్ పడితే దెబ్బ తగిలేది ఒక్కళ్ళకే కావచ్చు, భయంతో అందరూ ఒకేసారి కదిలితే తొక్కిసలాట. గణేష్ నిమజ్జనం కూడా అంతే. జనం తల మీదుగా ఎగరేయకండి, పక్కనుంచి వంపు తీసుకుని తీయండి, షాట్‌లో తేడా చూసేవాళ్ళకి తెలియదు.

కేబీఆర్ పార్క్ నేషనల్ పార్క్, అనంతగిరి అడవి ఫారెస్ట్ వాళ్ళది, అక్కడ వాళ్ళని అడగాలి. డీఆర్‌డీవో రక్షణ ల్యాబులు, అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీ లాంటివి మన ఊళ్ళో చాలా ఉన్నాయి, వాటి గోడల దగ్గర సరదా వద్దే వద్దు. అపార్ట్‌మెంట్ల సంగతి, పక్కింటి డాబా మీద బట్టలారేసుకునే అక్క, కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన, వాళ్ళని మీ కెమెరా అడక్కుండా చూస్తుంది. మీ ఉద్దేశం సూర్యాస్తమయం తీయడమే అయినా వాళ్ళకి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? ఆడవాళ్ళ ఏకాంతాన్ని తీస్తే బీఎన్ఎస్ 77 కింద నేరం, అందాకా పోకముందే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి, ఈ టైములో ఇటువైపే తీస్తున్నా అని చెప్పండి.

మన ఊరికి సంబంధించిన చిన్న జాగ్రత్తలు కొన్ని గబగబా చెప్పేస్తా. గద్దలు డ్రోన్‌ని తరుముతాయి, చెత్త డంపులు, చికెన్ షాపులు ఉన్న చోట ఎక్కువ. సంక్రాంతి వారం అంతా మాంజా, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే నేరుగా కింద పడుతుంది, ఆ వారం బస్తీల్లో లేపకండి. స్లాబు మీద నుంచి లేపితే లోపలి ఇనుము వల్ల కంపాస్ తప్పు చూపించొచ్చు. సిగ్నల్ పోతే తిరిగొచ్చే ఎత్తు చుట్టూ ఉన్న బిల్డింగుల కన్నా ఎక్కువ పెట్టుకోండి, కానీ అక్కడ 200 అడుగుల హద్దుంటే, పక్కన 30 అంతస్తుల టవర్ ఉంటే, అది డ్రోన్ లేపే చోటు కాదని అర్థం. యాక్సిడెంట్ అయితే 48 గంటల్లోపు పోర్టల్‌లో రిపోర్ట్ చేయాలి, డ్రోన్ సంచిలో వేసుకుని వెళ్ళిపోతే చేతులు దులుపుకున్నట్టు కాదు.

ఇంక చివరగా క్లయింట్. నిజం చెప్పాలంటే మనలో ఎక్కువమంది రెడ్ జోన్‌లో ఎగరేసేది ధైర్యంతో కాదు, మొహమాటంతో. పెళ్ళికూతురు తండ్రి వచ్చి, ప్యాకేజీలో డ్రోన్ ఉంది కదా బాబూ, మా వియ్యాలవారి ఇంట్లో పెళ్ళికి కూడా ఎగరేశారు కదా అంటాడు, మనకి బ్యాలెన్స్ డబ్బులు రావాలి, లేపేస్తాం. కేసైతే ఆయన పేరు రాదు, రిమోట్ చేతిలో ఉన్నవాడి పేరే వస్తుంది, పాపం ఒక్కోసారి అది రోజు కూలికి వచ్చిన అసిస్టెంట్ పిల్లాడు. ఆ పిల్లాడికి 20 ఏళ్ళు, పోలీస్ వెరిఫికేషన్ అడిగే ఉద్యోగాలకి రేపు ఎట్లా పోతాడు? స్టూడియో ఓనర్లకి చేతులెత్తి చెప్తున్నా, సర్టిఫికెట్ లేని పిల్లాడి చేతికి రిమోట్ ఇవ్వకండి.

ప్యాకేజీలో డ్రోన్ అని ఊరికే రాయకండి. వేదిక ఎక్కడో తెలిశాక, మ్యాప్ చూశాక, అక్కడ కుదిరితేనే డ్రోన్, కుదరకపోతే దాని బదులు క్రేన్ గానీ ఇంకో కెమెరా గానీ, లేదా అంత డబ్బు తగ్గింపు అని బుకింగ్ రోజే రాయండి. పర్మిషన్ పనికి పట్టే టైముకి కూడా రేటు వేయండి, అది కూడా పనే. పక్క స్టూడియో వాడు ఇవేవీ అడక్కుండా ఎగరేస్తాడు అని క్లయింట్ వెళ్ళిపోతాడన్న భయం నాకు అర్థమవుతుంది. అందుకే ఒక్కళ్ళు చేస్తే కాదు, ఈ హాల్లో ఉన్నవాళ్ళందరూ ఒకే మాట మీద ఉండాలి, హుస్సేన్ సాగర్ మీద డ్రోన్ ఎవరూ ఒప్పుకోరు అని ఊరంతా తెలిస్తే అడిగేవాళ్ళే ఉండరు.

పర్మిషన్ తీసుకుని చేస్తే ఎంత దూరం పోవచ్చో కూడా మన పక్కనే చూశాం. 2021 సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, వ్యాక్సిన్లు ఆస్పత్రులకి పంపే ప్రయోగం మొదలుపెట్టారు, కంటికి కనపడనంత దూరం కూడా ఎగరేశారు, అన్నీ అనుమతులతోనే. మనం చేసేది అంతకన్నా చిన్న పని, మనకీ దారి ఉంది.

సరే, ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. వచ్చే నెల మీకున్న బుకింగుల్లో మొదటిదాని వేదిక అడ్రస్ మ్యాప్‌లో పెట్టి చూడండి. రెడ్ గానీ ఎల్లో గానీ వచ్చినవాళ్ళు ఇటు కుడివైపు టేబుల్ దగ్గరికి రండి, క్లయింట్‌కి ఏం చెప్పాలో, ఏటీసీకి ఏం రాయాలో కలిసి రాద్దాం. గ్రీన్ వచ్చినవాళ్ళు ఎడమవైపు, మీ ఇన్సూరెన్స్ కాగితాలు, డ్రోన్ నంబర్ చూస్తా. మందు కొట్టే డ్రోన్ కోసం వచ్చిన తమ్ముళ్ళు భోజనాల తర్వాత ఆగండి, మీతో విడిగా మాట్లాడాలి.